‘ఇంటర్వెల్ ఇప్పుడే కదా అయింది!’

మూడో పీరియడు మొదలై పది నిమిషాలు కాలేదు. రెండో బెంచీలో ఒక పిల్ల చిటికెన వేలు పైకెత్తింది. గోదావరి జిల్లాల బడుల్లో ఆ వేలికి అర్థం ఎవరూ అడగరు. "ఒంటికి వెళ్ళొస్తానండి" అని పదిమందిలో అనడానికి సిగ్గుపడే పిల్లలకు ఆ వేలే మాట. టీచరు జవాబు కూడా దాదాపు అన్ని గదుల్లో ఒకటే: "ఇంటర్వెల్ ఇప్పుడే కదా అయింది! అప్పుడేం చేశావు?" వేలు కిందికి దిగుతుంది. పాఠం సాగుతుంది.

ఇరవై ఆరేళ్ళు డెల్టాలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో జీవశాస్త్రం చెప్పాను. ఆ మాట నేనూ అన్నాను, చాలాసార్లు అన్నాను. పదో తరగతికి విసర్జన పాఠం చెబుతూ, మూత్రాశయం బొమ్మ బోర్డు మీద గీసి భాగాలు గుర్తింపజేసి, అదే పీరియడులో వేలెత్తిన పిల్లవాడిని కూర్చోమన్న రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. పాఠం జరుగుతుండగా పిల్లలను బయటికి పంపాలా వద్దా అని స్టాఫ్ రూముల్లోనూ, తల్లిదండ్రుల సమావేశాల్లోనూ వాదన జరుగుతూనే ఉంటుంది. పంపాలనేవాళ్ళు జాలిగుండెవాళ్ళుగా, వద్దనేవాళ్ళు క్రమశిక్షణ ఉన్నవాళ్ళుగా లెక్క. ఆ లెక్కను పక్కన పెట్టి, మనం అడుగుతున్న ప్రశ్ననే పట్టుకుని చూద్దాం. ఇంటర్వెల్‌లో ఆ పిల్ల నిజంగా ఏం చేసింది?

వరుసలో నిలబడింది. 2014లో మొదలైన స్వచ్ఛ విద్యాలయ కార్యక్రమం పెట్టిన కొలమానం ప్రకారం 40 మంది పిల్లలకు ఒక మరుగుదొడ్డి, మూడు మూత్రశాలలు ఉండాలి. 160 మంది ఆడపిల్లలున్న ఒక ఉన్నత పాఠశాలను అనుకుందాం. కొలమానం తు.చ. తప్పకుండా పాటిస్తే అక్కడ పదహారు చోట్లు ఉంటాయి. ఇంటర్వెల్ పది నిమిషాలు. గదిలోంచి బయటపడి, బడి వెనక ఉన్న దొడ్ల దాకా నడిచి, తిరిగి రావడానికే మూడు నాలుగు నిమిషాలు పోతాయి. మిగిలేవి ఆరు. ఆడపిల్ల లోపలికి వెళ్ళి, గడియ పెట్టుకుని, బొందు విప్పి, మళ్ళీ ముడి వేసుకుని, మగ్గుతో నీళ్ళు పోసి బయటికి రావడానికి రెండు నిమిషాలైనా పడుతుంది. అంటే ఒక్కో చోట ముగ్గురు. పదహారు చోట్లకు 48 మంది. మిగిలిన 112 మంది గంట కొట్టేసరికి ఇంకా వరుసలోనే ఉంటారు.

ఇంటర్వెల్‌ను పదిహేను నిమిషాలు చేశామనుకోండి. అప్పుడు కూడా 80 మందికి మించి అవకాశం రాదు, సరిగ్గా సగం. ఇదంతా పదహారు చోట్లూ బాగున్నాయనే ఊహ మీద. నేను పనిచేసిన చోట్ల ఒకదానికి స్టాఫ్ కోసమని తాళం ఉండేది, ఒకదానికి గడియ ఊడిపోయి ఉండేది, మరొకదాంట్లో నీళ్ళు నిలిచి ఉండేవి. నాలుగు చోట్లు మాత్రమే పనిచేసే రోజున పది నిమిషాల్లో పన్నెండు మంది వెళ్ళిరాగలరు. ఆ పన్నెండు మంది ఎవరు? తొమ్మిది, పది తరగతుల పెద్దపిల్లలు. ఆరో తరగతి పిల్ల వరుసలో వెనక్కి వెనక్కి జరుగుతూ ఉంటుంది. పి.ఈ.టి. ఈల వేస్తారు. ఆ పిల్ల గదికి వచ్చి కూర్చుని, పది నిమిషాల తర్వాత వేలెత్తుతుంది.

మగపిల్లలకు ఈ ఇబ్బంది తక్కువ. గోడ పొడవునా ఉన్న మూత్రశాలల్లో ఒక్కొక్కరికి అర నిమిషం చాలు. తోటి మాస్టార్లు "మా చిన్నప్పుడు ఇంటర్వెల్ సరిపోయేది కదా" అన్నప్పుడు వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. వాళ్ళకు సరిపోయింది. తరగతిలో సగం మంది అనుభవం మాత్రం వాళ్ళ అనుభవంలో లేదు.

ఆటలో పడి ఇంటర్వెల్‌ను గడిపేసిన పిల్లలు ఉండరా? ఉంటారు. పదేళ్ళ పిల్లవాడికి ఇంటర్వెల్ ఉన్నదే పరుగెత్తడానికి. అయితే వేలెత్తిన ప్రతి పిల్లనూ ఆ కోవలో కట్టేస్తే, పై లెక్కలో మిగిలిపోయిన 112 మందికి అన్యాయం చేసినట్టే.

ఇప్పుడు శరీరం సంగతి. పిల్లల మూత్రాశయం ఎంత పడుతుందో అంచనా వేయడానికి వైద్యులు వాడే తేలిక సూత్రం ఒకటుంది. వయసుకు రెండు కలిపి 30తో గుణించాలి, వచ్చేది మిల్లీలీటర్లు. ఆరేళ్ళ పిల్లకు 240, పదేళ్ళ పిల్లకు 360. ఎదిగిన మనిషికి 400 నుంచి 500 దాకా పడుతుంది. వెళ్ళాలన్న తొలి కబురు పూర్తిగా నిండాక రాదు, సుమారు సగం దగ్గరే మొదలవుతుంది. పిల్లల శరీరంలో కిలో బరువుకు గంటకు ఒకటి రెండు మిల్లీలీటర్ల మూత్రం తయారవుతుంది. ఇరవై కిలోల ఒకటో తరగతి పిల్ల పొద్దున ఏడున్నరకు స్కూలు ఆటో ఎక్కుతుంది. ఆటో నాలుగు ఊళ్ళు తిరిగి బడికి చేరుతుంది. పదిన్నరకు ఇంటర్వెల్‌లో వరుస అందలేదు. పన్నెండున్నరకు అన్నం గంట కొట్టేదాకా ఐదు గంటలు. పాలు, మంచినీళ్ళు తాగి వచ్చిన పిల్లకు ఆపాటికి ఆ సంచి అంచు దాకా వస్తుంది. "ఇంకో అరగంట ఆగలేవా?" అని మనం అడిగేది మన శరీరాన్ని తలచుకుని. ఆ పిల్లకున్నది మన శరీరంలో సగం.

ఆపుకోవడం ఎలా జరుగుతుందో కూడా తెలుసుకోవాలి. మూత్రాశయం గోడ మొత్తం ఒక కండరం. నిండుతున్నంతసేపు అది సడలి ఉంటుంది. ద్వారం దగ్గర, బిగిసి దారి మూసే రెండు సంవరణీ కండరాలు కాపలా ఉంటాయి. లోపలిది మన మాట వినదు, వెలుపలిది వింటుంది. సంచి నిండాక గోడ కండరం ముడుచుకోవడానికి ప్రయత్నిస్తుంది, పిల్ల వెలుపలి కండరాన్ని బిగించి దాన్ని ఆపుతుంది. కాలు మీద కాలు వేయడం, మడమ మీద కూర్చోవడం, బెంచీ మీద ఊగడం ఆ బిగింపు కోసమే. టీచరుకు అది అల్లరిలా కనబడుతుంది. ఆ సమయంలో ఆ పిల్ల బుర్రలో లెక్కల మెట్టు ఒక్కటి కూడా ఎక్కదు. పాఠం పోతుందని కూర్చోబెట్టిన పిల్లకు పాఠం ఎలాగూ పోతుంది.

ఒక రోజు ఆపుకుంటే ప్రమాదం లేదు. సంవత్సరాల తరబడి రోజూ ఆపుకుంటే ఆ బిగింపు అలవాటవుతుంది. చివరికి దొడ్డికి వెళ్ళినప్పుడు కూడా వెలుపలి కండరం పూర్తిగా సడలదు. మూత్రం పూర్తిగా బయటికి రాక కొంత అడుగున నిలిచిపోతుంది. నిలిచిన మూత్రంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఆడపిల్లల్లో మూత్రం బయటికి వచ్చే మార్గం పొట్టిది కాబట్టి ఇన్ఫెక్షన్ తొందరగా సోకుతుంది. ఇన్ఫెక్షన్ వచ్చిన మూత్రాశయం చిరాకుపడి కొద్దిగా నిండినా ముడుచుకుంటుంది. అప్పుడు ఆ పిల్ల మాటిమాటికీ, అదీ ఉన్నట్టుండి, వేలెత్తుతుంది. టీచరుకు అనుమానం బలపడుతుంది: "ఈ పిల్లది రోజూ ఇదే వరస." మళ్ళీ కూర్చోబెడతారు. ఆపుకోవడం వల్ల వచ్చిన జబ్బుకు మందుగా మరింత ఆపుకోమంటున్నాం. ఈ సుడి తిరగడం నేను కళ్ళారా చూశాను. అందులో నా చెయ్యి కూడా ఉంది.

రెంటికి వెళ్ళడం గురించి బడిలో ఎవరూ మాట్లాడరు. అన్నం తిన్న కాసేపటికి పెద్దపేగు కదలడం శరీర ధర్మం. రాష్ట్రంలో మధ్యాహ్న భోజనానికి ఇప్పుడు లంకల గన్నవరంలో ఆకలిగొన్నవారికి జీవితమంతా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ పేరుంది. ఆ అన్నం కడుపునిండా తిన్న పిల్లకు మధ్యాహ్నం మొదటి పీరియడులోనే వెళ్ళాలనిపిస్తే అందులో వింత ఏముంది? వాసన, తడి, గడియ లేని తలుపు చూసి చాలామంది పిల్లలు ఇంటికి వెళ్ళేదాకా ఆపుకుంటారు. ఆపిన మలం గట్టిపడుతుంది, పురీషనాళం సాగుతుంది, వెళ్ళాలన్న కబురు మొద్దుబారుతుంది. గట్టిపడిన మలం ముందున్న మూత్రాశయాన్ని నొక్కుతుంది. రాత్రి పక్క తడిపే పిల్లల్లో కొందరికి అసలు కారణం మలబద్ధకమే. ఇంట్లో ఆ పిల్లను తిడతారు.

ఇక నెలసరి. ఆడపిల్ల ప్యాడ్ మార్చుకోవడానికి పీరియడు పూర్తయ్యేదాకా ఆగలేదు. మగ మాస్టారు పాఠం చెబుతున్నారు, పక్క వరుసలో మగపిల్లలున్నారు. లేచి అడగాలి. అడిగితే "ఎందుకు?" అంటారు. 2021 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం స్వేచ్ఛ పేరుతో 7 నుంచి 12 తరగతుల ఆడపిల్లలకు నెలకు పదేసి న్యాప్‌కిన్‌లు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. అది మంచి పని. న్యాప్‌కిన్ సంచిలో ఉంది. మార్చుకునే చోటుకు వెళ్ళడానికి మాత్రం చెయ్యెత్తి నిలబడాలి. నా తరగతిలో ఒక తల్లి సమావేశానికి వచ్చి అడిగింది: "మా అమ్మాయి నీళ్ళ సీసా ఎలా నింపానో అలాగే ఇంటికి తెస్తోందండి. బడిలో నీళ్ళు తాగనివ్వరా?" తాగనిస్తాం. తాగితే వెళ్ళాలి కాబట్టి ఆ పిల్లే తాగడం మానేసింది. అడిగే అవస్థ తప్పించుకోవడానికి ఎనిమిదో తరగతి పిల్ల కనిపెట్టిన ఉపాయం అది. ఆ ఏడాది మిగతా అమ్మాయిల సీసాలు కూడా గమనించాను. సాయంత్రం నాలుగు గంటలకు నిండుగా ఉన్న సీసాలు ఎన్నో.

2019లో కేరళ బడుల్లో వాటర్ బెల్ మొదలైంది, తర్వాత మన దగ్గరా ఎండాకాలంలో నీళ్ళు తాగడానికి విడిగా గంట కొడుతున్నారు. ఏప్రిల్ ఉక్కపోతలో అది ప్రాణాలు కాపాడే గంట. కానీ తాగమని గంట కొట్టి, గంటసేపయ్యాక బయటికి వెళ్ళనివ్వకపోతే పిల్లలు గుటక వేసినట్టు నటించి సీసా మూత పెట్టేస్తారు. తాగే గంటకూ వెళ్ళే అనుమతికీ ముడి ఉంది. ఆ ముడి ఇప్పటికీ ఏ టైమ్‌టేబుల్‌లోనూ నాకు కనబడలేదు.

ఇంతవరకు చదివిన ఉపాధ్యాయులు "మా బాధ ఎవరు చెబుతారు?" అనుకుంటూ ఉంటారు. ఆ బాధ నిజమైనది. దాన్ని తేలిగ్గా తీసిపారేసేవాళ్ళు మన ఊళ్ళలో బడి నడిపి చూడాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచి ఈ నేల మీద ఏ ఊరికి వెళ్ళినా ఒక కాలువ ఉంటుంది. బడి గేటు తీస్తే కాలువ గట్టు, గట్టు దిగితే రేవు. ప్రహరీ లేని రోజుల్లో ఒంటికని వెళ్ళిన మగపిల్లలు గట్టు వెనక్కే వెళ్ళేవారు. వర్షాకాలంలో నిండుగా పారే కాలువ పక్కన ఏడేళ్ళ పిల్లవాడు ఒంటరిగా ఉన్నాడని తెలిస్తే ఏ టీచరుకు పాఠం సాగుతుంది? వెళ్ళిన పిల్ల ఐదు నిమిషాల్లో రాకపోతే గుండె దడ. ఏదైనా జరిగితే ఊరు ఊరంతా వచ్చి అడిగేది ఆ టీచరునే. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఒకే మనిషి రెండు మూడు తరగతులకు పాఠం చెబుతూ ఒకటో తరగతి పిల్ల వెంట దొడ్డిదాకా వెళ్ళలేరు. ఆ పిల్లకు బొత్తాము విప్పుకోవడం కూడా రాదు.

పాఠం చెడుతుందన్నది కూడా నిజమే. ఒకరు లేస్తే వెనకే ముగ్గురు లేస్తారు. ఇద్దరు స్నేహితులు ఒకేసారి వెళ్ళి కబుర్లు చెప్పుకుంటారు. లెక్కల పీరియడులోనే కొందరికి అవసరం గుర్తొస్తుంది, పరీక్ష పెట్టిన రోజు అది మరీ పెరుగుతుంది. వీటన్నింటికీ విరుగుడు ఉంది, దానికి తర్వాత వస్తాను. ముందు ఒకటి చెప్పాలి. తప్పించుకోవడానికి వెళ్ళే ఇద్దరిని ఆపాలని అందరినీ ఆపినప్పుడు, ఆ ఇద్దరికి పోయేది ఐదు నిమిషాల కబుర్లు. నిజంగా అవసరమున్న పిల్ల తరగతి మధ్యలో బట్టలు తడుపుకుంటే పోయేది వేరు. తర్వాత ఎన్నేళ్ళయినా ఊళ్ళో ఆ పిల్లను ఆ రోజు పేరుతో పిలిచే తోటిపిల్లలుంటారు. అలా ఐదో తరగతితో బడి మారిపోయిన పిల్ల ఒకరు నాకు తెలుసు. ఈ రెండు తప్పుల బరువు ఒకటి కాదు. ఏదో ఒకవైపు పొరపాటు జరగక తప్పదంటే నేను పంపే వైపే పొరపాటు చేస్తాను.

దొడ్లు లేవా అంటే, ఉన్నాయి. డెల్టాలో ఇప్పుడు చాలా బడుల్లో దొడ్లు ఉన్నాయి. ప్రభుత్వ బడులను బాగుచేయడానికి 2019 నవంబరు 14న మొదలైన నాడు-నేడు తొలి విడతలో రాష్ట్రమంతటా 15,715 బడులను తీసుకున్నారు. చేయాల్సిన పనుల్లో నీటి సరఫరా ఉన్న మరుగుదొడ్లు కూడా ఉన్నాయి. కట్టడం ఒక ఎత్తు, ఈ నేల మీద దాన్ని నిలపడం మరో ఎత్తు. మరుగుదొడ్డి గుంత అడుగుకూ భూగర్భ జలానికీ మధ్య రెండు మీటర్లు ఎడం ఉండాలంటారు. సార్వా (వానాకాలం పంట) నాట్లు పడ్డాక కోనసీమలో గజం లోతు తవ్వితే నీళ్ళు. ఇక ఎడం ఎక్కడ? వర్షాకాలంలో గుంతలోకి చుట్టూ ఉన్న నీరే ఊరుతుంది, పోసిన నీరు దిగదు, పళ్ళెం నిండి పైకి తంతుంది. ఆ తలుపుకు గొళ్ళెం పెట్టి "వాడరాదు" అని సుద్దముక్కతో రాస్తారు. దీపావళిదాకా ఆ రాత చెరగదు. లంక గ్రామాల్లో వరద వస్తే అసలు బడే మునుగుతుంది. 2022 జూలై వరద తగ్గాక ఒండ్రు కడుక్కోవడానికే రోజులు పట్టిన ఊళ్ళున్నాయి.

వేసవిలో కథ తిరగబడుతుంది. కాలువలకు నీళ్ళు ఆపేస్తారు. ఊరి మంచినీటి చెరువు అడుగంటుతుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న అంతర్వేది, నరసాపురం, మొగల్తూరు వైపు బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఉప్పునీరు కుళాయిలను తినేస్తుంది, టైల్స్ మీద తెల్లటి పెచ్చు కడుతుంది. ఆయా ఎంత తోమినా అది పోదు, చూసేవాళ్ళకు దొడ్డి ఎప్పుడూ మురికిగానే కనబడుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒంటిపూట బడి: పొద్దున 7:45 నుంచి 12:30 దాకా. ఐదున్నరకు లేచి వచ్చిన పిల్లలు, ఉక్కపోత, అడుగంటిన ట్యాంకు.

కట్టినవాటి గతి గురించి దేశం మొత్తానికి ఒక లెక్క ఉంది. కేంద్ర ప్రభుత్వరంగ సంస్థలు బడుల్లో కట్టించిన మరుగుదొడ్లను ప్రభుత్వ ఖర్చుల లెక్క చూసే కాగ్ తనిఖీ చేసి 2020లో పార్లమెంటుకు నివేదిక ఇచ్చింది. 15 రాష్ట్రాల్లో 2,695 దొడ్లను చూస్తే, కట్టినవాటిలో 72 శాతానికి లోపల నీటి వసతి లేదు. అసలు కట్టనివి, సగంలో ఆగినవి, వాడకుండా వదిలేసినవి వేరే. అంకెల్లో దొడ్డి ఉంది, ఇంటర్వెల్‌లో లేదు. తరగతి గదిలో టీచరుకూ పిల్లకూ మధ్య జరుగుతున్న తగవు నిజానికి వాళ్ళిద్దరిదీ కాదు. ఇంటర్వెల్ తీర్చలేకపోయిన బాకీ మూడో పీరియడు నెత్తిన పడుతోంది. పిల్ల అడుగుతున్నది తనకు రావలసినది.

డబ్బు సంగతి చెప్పాలి. 2021లో, పిల్లలను బడికి పంపే తల్లులకు ప్రభుత్వం ఇచ్చే అమ్మ ఒడి మొత్తంలోంచి తల్లికి వెయ్యి రూపాయలు తగ్గించి మరుగుదొడ్ల నిర్వహణ నిధిలో వేశారు, తర్వాత బడి నిర్వహణతో కలిపి అది రెండు వేలయింది. 2025లో, అలాంటిదే అయిన తల్లికి వందనం పథకంలోనూ 15 వేలలో 13 వేలు తల్లికి, 2 వేలు నిర్వహణకు. అంటే మీ పిల్ల వెళ్ళే దొడ్డికి మీరు డబ్బు కట్టారు. ఆయాకు జీతం సకాలంలో అందుతోందా, బ్లీచింగు, ఫినాయిలు వస్తున్నాయా, వాడరాదని రాసిన తలుపు ఎప్పుడు తెరుస్తారు అని పాఠశాల యాజమాన్య కమిటీలో అడిగే హక్కు మీకుంది. మార్కుల గురించి అడగడానికి వచ్చే తల్లిదండ్రుల్లో ఇది అడిగినవారిని నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను.

చట్టం మాట రెండు ముక్కల్లో చెబుతాను. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేర్వేరు మరుగుదొడ్లు, మంచినీరు ఉండాలని రాశారు. 2012 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఆరు నెలల్లోగా అన్ని బడుల్లో ఈ వసతులు కల్పించాలని రాష్ట్రాలను ఆదేశించింది. అదే చట్టంలోని 17వ సెక్షన్ పిల్లలను శారీరకంగా శిక్షించడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. అవసరమని అడిగిన పిల్లను అందరి ముందు నిలబెట్టి, తడుపుకునేదాకా కూర్చోబెట్టడం వేధింపు కిందికే వస్తుందని నా అభిప్రాయం. ఈ చట్టం 14 ఏళ్ళ వరకే. ఇంటర్ హాస్టళ్ళలో తెల్లవారుజాము నుంచి రాత్రిదాకా స్టడీ అవర్ల మధ్య ఆపుకుంటూ గడిపే పదహారేళ్ళ పిల్లలు దీని నీడలోకి రారు. వాళ్ళ గురించి విడిగా రాయాలి.

ఇక మా బడిలో చేసింది చెబుతాను. పెద్ద ఖర్చేమీ కాలేదు. ముందుగా ఇంటర్వెల్‌ను రెండుగా చీల్చాం. ఆరు, ఏడు తరగతులకు ఒక పావుగంట ముందు, పై తరగతులకు తర్వాత. ఉన్న దొడ్లే ఉన్నాయి, వరుస మాత్రం సగమైంది. చిన్నపిల్లలను తోసేసే పెద్దపిల్లలు ఆ సమయంలో అక్కడ లేరు. పక్క గదిలో పాఠం జరుగుతుంటే గోల అవుతుందని కొందరు మాస్టార్లు అభ్యంతరం చెప్పారు. గోల అయింది కూడా. నెల రోజులకు సర్దుకుంది.

రెండోది పలక. వడ్రంగి చేత జానెడు చెక్క పలకలు చేయించి, తాడు కట్టి, తరగతికొకటి చొప్పున గుమ్మం పక్కన మేకుకు తగిలించాం. వెళ్ళాలనుకున్న పిల్ల లేచి, పలక తీసుకుని వెళ్ళి, వచ్చాక తగిలించి కూర్చుంటుంది. అడగక్కరలేదు, వేలెత్తక్కరలేదు, ఎందుకో చెప్పక్కరలేదు. పలక మేకుకు లేకపోతే ఎవరో వెళ్ళారని అర్థం, తర్వాతివాళ్ళు ఆగాలి. ఒకరి వెనక ముగ్గురు లేవడం దాంతో ఆగిపోయింది, ఇద్దరు స్నేహితులు కలిసి వెళ్ళడం కుదరలేదు. ఎంతసేపైందో టీచరుకు మేకు చూస్తే తెలుస్తుంది. గేటు దగ్గర ఆయా కూర్చుంటుంది కాబట్టి పలకతో ఉన్న పిల్ల కాలువ వైపు వెళ్ళే వీలు లేదు. నెలసరి రోజుల్లో పలక కోసం ఆగనక్కరలేదని అమ్మాయిలకు విడిగా చెప్పాం. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఈ పద్ధతి పనికిరాదు; వాళ్ళ వెంట పెద్దమనిషి ఉండాల్సిందే.

మొదటి వారం పలకకు విశ్రాంతి లేదు. ప్రతివాళ్ళూ ఒకసారి పట్టుకుని చూడాలనుకున్నారు. "చూశారా, నేను చెప్పలేదా?" అన్నారు లెక్కల మాస్టారు. రెండో వారానికి కొత్త పోయింది. అడిగితే కాదంటారన్న భయం ఉన్నప్పుడు పిల్లలు అవసరం లేకపోయినా ముందుజాగ్రత్తగా అడుగుతారు. కావాలంటే వెళ్ళవచ్చని నమ్మకం కుదిరాక ఇంటర్వెల్‌దాకా ఆగగలిగేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే ఆగారు.

పరీక్షల విషయం ఇంకా తేలలేదు. పదో తరగతి పబ్లిక్ పరీక్ష 9:30 నుంచి 12:45 దాకా. బయటికి వెళితే కాపీ అనుమానం, వెంట మనిషిని పంపాలి, సమయం పోతుంది. అందుకని పిల్లలు పొద్దుటి నుంచి నీళ్ళు మానేసి, మార్చి ఎండలో తలనొప్పితో పరీక్ష రాస్తారు. హాలు చేరగానే అందరినీ ఒకసారి వెళ్ళిరమ్మని, ఆ సమయాన్ని ముందే లెక్కలో పెట్టుకోవడం కేంద్రం చూసేవాళ్ళు చేయగల పని. మేం మా పిల్లలకు పరీక్షకు గంట ముందు వరకు మామూలుగా తాగమని, లోపల గుక్కెడు గుక్కెడు తాగమని చెప్పేవాళ్ళం. అంతకు మించి ఉపాయం నాకు దొరకలేదు.

మరి పలక ఉన్నా రోజూ మాటిమాటికీ వెళ్ళే పిల్లల సంగతి? నియమం లేని చోట వాళ్ళను తిడతాం, నియమం ఉన్న చోట వాళ్ళు కనబడతారు. పొద్దుటి పూట ఒకే పిల్ల మూడు నాలుగుసార్లు పలక తీసుకుంటే, అదీ వారం పది రోజులు వరుసగా జరిగితే, పిలిచి మెల్లగా అడగాలి. మంటగా ఉందా? కొద్దికొద్దిగా వస్తోందా? ఇన్ఫెక్షన్ కావచ్చు. దాహం ఎక్కువగా ఉందా, బరువు తగ్గుతున్నావా, రాత్రి లేవాల్సి వస్తోందా? అది షుగరు కావచ్చు. పిల్లలకు వచ్చే మధుమేహం తొలి గుర్తు చాలాసార్లు ఇదే, ఆలస్యమైతే స్పృహ తప్పి ఆసుపత్రి చేరేదాకా వస్తుంది. రోజుకు ఆరేడు గంటలు పిల్లను చూసేది టీచరే, ఇంట్లోవాళ్ళ కంటే ముందు గమనించగలిగేదీ ఆ టీచరే.

పలక పెట్టిన రెండో ఏడు ఏడో తరగతిలో ఒక పిల్లవాడు అలాగే కనబడ్డాడు. పీరియడుకోసారి లేచేవాడు, తన సీసా అయిపోయి పక్కవాడి సీసా కూడా తాగేవాడు. నిక్కరు జారిపోతుంటే మొలతాడు బిగించుకుని వచ్చేవాడు. వాడి అమ్మమ్మను పిలిపించి ఆసుపత్రికి తీసుకెళ్ళమన్నాను. ఆవిడ ముందు నమ్మలేదు: "పిల్లలకు షుగరేమిటండీ? బడి ఎగ్గొట్టడానికి వేషాలండీ." మర్నాడు ఆయాను తోడిచ్చి పంపాం. చక్కెర చాలా ఎక్కువగా ఉందని అక్కడి నుంచి అక్కడే పెద్దాసుపత్రికి పంపించారు.

మూడు వారాల తర్వాత ఇన్సులిన్ డబ్బాతో తిరిగొచ్చాడు. గుమ్మం పక్కన, మేకు చేతికందే బెంచీలో కూర్చోబెట్టాం.